తెరచియుంచిన తలుపు: పండిత రమాబాయి జీవితము

1893వ సంవత్సరమున పూనా నగరములోని శారదా సదనమును గూర్చి చెలరేగిన వివాదమంతయు ఒక గది తలుపు చుట్టు తిరిగెను. ఆ సదనము అగ్రకులములలోని బాలవితంతువుల విద్య కొరకు స్థాపింపబడినది. దానిని నడుపుచుండిన స్త్రీ క్రైస్తవురాలు. ప్రతిదినము ఆమె తన స్వంత గదిలో తన చిన్న కుమార్తెతో కూర్చుండి పరిశుద్ధ గ్రంథము చదివి ప్రార్థన చేసికొనుచుండెను. ఆ గది తలుపు తెరచియే యుండెను. కొందరు బాలికలు తమంతట తామే వచ్చి వినుచుండిరి. రమ్మని ఆమె పిలువలేదు, పొమ్మని త్రోలివేయలేదు. తలుపు మూసికొనుమని హితులు కోరిరి, పత్రికలు నిందించెను. ఆమె మూయలేదు. ఆమె పేరు పండిత రమాబాయి. ఆ తలుపును ఆమె ఏల తెరచియుంచెనో, అందునిమిత్తము ఏమి పోగొట్టుకొనెనో తెలిసికొనుట, విశ్వాసము నిమిత్తము పరిహాసమును సహించు వారికి మేలుకరము.

రమాబాయి 1858 ఏప్రిల్ 23వ తేదీన నేటి కర్ణాటక రాష్ట్రములోని పశ్చిమ కనుమల అడవిలో జన్మించెను. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆయన తన భార్యయైన లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. స్త్రీకి దేవభాష నేర్పుట అపచారమని సాటి పండితులు ఆయనను దూషించిరి, సభకు పిలిచి సంజాయిషీ అడిగిరి. ఆయన కోపపడక, శాస్త్రముల నుండియే తన పక్షమును స్థాపించెను. లోకులు నవ్వినను తాను సత్యమని ఎరిగిన దానిని విడువకూడదను పాఠమును రమాబాయి పుట్టకముందే ఆ యింట నేర్చిన వారుండిరి. తల్లి యొద్దనే ఆమె సంస్కృతము నేర్చుకొనెను.

ఆ కుటుంబము పురాణములు చదివి వినిపించుచు, పుణ్యక్షేత్రములు దర్శించుచు దేశమంతట కాలినడకను సంచరించెను. ఇంతలో దక్షిణ దేశమున కరవు వచ్చెను. ఉన్నదంతయు దానములకును, వ్రతములకును వ్యయమైపోయెను. కూలిపని చేయుట ఎరుగరు, బిచ్చమెత్తుటకు మనసు రాలేదు. తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు, అలములు తిని నీళ్లు త్రాగి దినములు గడపిరి. ఆకలి బాధను తెలుగు నేల మీద కూడ ఆ పదునారేండ్ల బాలిక అనుభవించెను. 1874లో తండ్రియు, అటుపిమ్మట తల్లియు, అక్కయు మరణించిరి. మిగిలిన వారు రమాబాయియు, ఆమె అన్న శ్రీనివాసుడును. వారిరువురు వేలకొలది మైళ్లు నడచి 1878లో కలకత్తా చేరిరి.

కలకత్తా పండితులు ఆ యువతి సంస్కృత జ్ఞానమును పరీక్షించి విస్మయమొందిరి. పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చి గౌరవించిరి. దేశమంతట ఆమె పేరు మారుమ్రోగెను. అయితే ఆ పొగడ్త ఎంతకాలమో నిలువలేదు. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. ఆయన బ్రాహ్మణుడు కాడు గనుక నిన్నటివరకు ఆమెను పూజించిన వారిలో అనేకులు ముఖము త్రిప్పుకొనిరి. 1881లో కుమార్తె మనోరమ పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరా వ్యాధితో మరణించెను. ఇరువది నాలుగేండ్లు నిండకముందే ఆమె చంటిబిడ్డతో విధవరాలాయెను.

భర్త గ్రంథాలయములో ఆమెకు ఒకనాడు లూకా సువార్త బెంగాలీ ప్రతి దొరికెను. దానిని ఆమె ఆసక్తితో చదివెను. బీదలను, పాపాత్మురాలైన స్త్రీని, విధవరాలిని త్రోసివేయని ప్రభువు ఆ పుటలలో ఆమెకు కనబడెను. ఆ విత్తనము వెంటనే మొలకెత్తలేదు గాని చావలేదు.

1882లో ఆమె పూనాకు వచ్చెను. మహాదేవ గోవింద రానడే, రామకృష్ణ గోపాల భండార్కర్ మొదలగు సంస్కర్తలు ఆమెను ఆదరించిరి. ఆమె ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. స్త్రీల విద్యను గూర్చి మరాఠీలో పుస్తకము వ్రాసెను. విద్యను విచారించుటకు వచ్చిన హంటర్ కమిషను యెదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు ఉపాధ్యాయినులును, స్త్రీ వైద్యులును కావలెనని వాదించెను. వైద్యము నేర్చుకొనవలెనను కోరికతో 1883లో ఇంగ్లాండునకు వెళ్లెను. వినికిడి లోపము వలన ఆ కోరిక నెరవేరలేదు. అదే సంవత్సరము సెప్టెంబరు 29న వాంటేజ్ అను పట్టణమున తన కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను.

ఈ వార్త మహారాష్ట్రమున పిడుగువలె పడెను. శాస్త్రములు ఎరిగిన బ్రాహ్మణ స్త్రీ పరదేశీయుల మతము పుచ్చుకొనుట వంశమునకు ద్రోహమని కొందరు అనిరి. డబ్బు కొరకు మారెనని కొందరు, ఆడుదాని బుద్ధి నిలకడ లేనిదని మరికొందరు అనిరి. ఆమె పాండిత్యమును మెచ్చుకొనిన కలములే ఇప్పుడు ఆమెను ఎగతాళి చేసెను. జ్యోతిరావు ఫూలే వంటి కొలదిమంది మాత్రమే ఆమె పక్షమున నిలిచిరి.

ఎగతాళి బయటివారి నుండి వచ్చినప్పుడు విశ్వాసి సంఘపు ఒడిలో ఓదార్పు వెదకును. రమాబాయికి ఆ ఒడి కూడ మెత్తగా లేకపోయెను. ఇంగ్లాండులో ఆమెను ప్రేమించి చేరదీసిన క్రైస్తవ సహోదరీలే ఆమె ప్రశ్నలను గర్వముగా ఎంచిరి. త్రిత్వమును గూర్చి, సంఘ అధికారమును గూర్చి ఆమె లేఖనాధారము అడిగెను. లోబడుట నేర్చుకొనవలెనని వారు హెచ్చరించిరి. లాటిను మాటలు చెక్కిన సిలువను ధరించుటకు ఆమె అభ్యంతరము చెప్పెను. తన దేశస్థులకు తెలియని భాష సిలువ మీద ఏల ఉండవలెనని ఆమె భావము. సంస్కృతమైనచో అర్థమగును గదా. చెల్టెన్హాం స్త్రీల కళాశాలలో చదువుచు సంస్కృతము బోధించు కాలమున, ఆమె పురుషులకు పాఠము చెప్పుట తగదని భారతదేశములోని బిషప్పులు ఆక్షేపించిరి. ఇట్లు స్వదేశమున ఆమె పరదేశీయులకు అమ్ముడుపోయినదని నింద. పరదేశమున ఆమె ఇంకను హిందువువలె మొండిదని నింద. ఒకేసారి రెండు వైపుల నుండి రాళ్లు పడినప్పుడు ఏదో ఒక గుంపులో చేరి రెండవ గుంపును దూషించుట మనుష్యులకు సులభమైన మార్గము. ఆమె ఆ మార్గమున పోలేదు. ఇంగ్లాండు సహోదరీల ఋణమును మరువలేదు, తన మనస్సాక్షిని వారికి తాకట్టు పెట్టలేదు. క్రైస్తవురాలైనను తన చీరను, తన శాకాహారమును, తన జనులను విడువలేదు.

1886లో ఆమె అమెరికాకు వెళ్లెను. హిందూ అగ్రకుల స్త్రీల స్థితిని గూర్చి ఆమె వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1887లో వెలువడెను. ఆమె పనికి సహాయము చేయుటకు బోస్టను నగరమున ఒక సంఘము ఏర్పడెను. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరువబడెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మార్చబడెను. బాలికల కుల నియమములకు, భోజన పద్ధతులకు, వారి పూజలకు భంగము కలుగనీయక, ఎవరికిని మతబోధ చేయక విద్య చెప్పవలెనని ఏర్పాటు. రానడే, భండార్కర్ ఆ సదనమునకు సలహాదారులైరి. వారు స్త్రీల శత్రువులు కారు. విధవల కన్నీరు తుడువగోరిన ఆ కాలపు శ్రేష్ఠులలో లెక్కింపదగిన వారు. ఇది మరువకూడదు. ఏలయనగా వచ్చిన శ్రమలో అతి కఠినమైన భాగము వారి నుండియే వచ్చెను.

బాప్తిస్మము పొందిన ఎనిమిది సంవత్సరములకు, అనగా 1891 ప్రాంతమున, రమాబాయి ఆత్మలో గొప్ప మార్పు కలిగెను. తాను క్రైస్తవ మతమును స్వీకరించెనే గాని క్రీస్తును స్వీకరింపలేదని ఆమెకు తోచెను. వాదముల వలన ఒప్పుకొనిన మతము ఇప్పుడు రక్షకుని యందు నెమ్మదిగా మారెను. తుపాను రాకముందే ప్రభువు ఆమె కాలిక్రింద బండను చూపించెను. ఆ నెమ్మది ఆమె ముఖమున, మాటయందు దాగలేదు. బాలికలు దానిని గమనించిరి. తెరచిన తలుపు యొద్దకు వచ్చువారి సంఖ్య పెరిగెను.

వార్త ఊరంతట ప్రాకెను. బాలగంగాధర తిలక్ నడిపిన కేసరి పత్రిక ఆమెను తీవ్రముగా విమర్శించెను. విద్య అను ఎరతో మతము మార్చు వల వేసినదని ఆరోపణ. పాదిరుల బిరుదును స్త్రీలింగముగా మార్చి ఆమెకు తగిలించి నవ్విరి. నవ్వు వీధులలో వ్యాపించెను. చివరకు 1893లో సలహాసంఘపు పెద్దలు తమ సంబంధమును త్రెంచుకొనిరి. సంరక్షకులు భయపడి 20 మందికి పైగా బాలికలను సదనము నుండి తీసికొని పోయిరి. చదువు సగములో ఆగిపోయిన ఆ పిల్లలలో అనేకులకు ఇంటి యొద్ద ఎదురు చూచుచున్నది పాత చీకటియే. తనను నవ్వినందుకు కాదు, ఆ పిల్లలు పోయినందుకే తల్లి హృదయము గాయపడవలసియుండెను.

ఇచ్చట న్యాయముగా ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. ఎదిరించిన వారందరు ద్వేషముతోనే ఎదిరింపలేదు. మతబోధ జరుగదను నమ్మికతో తమ పిల్లలను అప్పగించిన తలిదండ్రుల కలవరము బూటకము కాదు. పరదేశ ప్రభుత్వము క్రింద తమ ధర్మము కరగిపోవుచున్నదని భయపడిన జనాంగమునకు చిన్న సంగతియు పెద్దదిగా కనబడును. తనను విమర్శించు ప్రతివానిని హింసకుడని పిలుచు క్రైస్తవుడు తన్ను తాను మోసపుచ్చుకొనును. నిందలో న్యాయమైన భాగమున్నదా అని మొదట తన్ను పరీక్షించుకొనుట విశ్వాసికి ధర్మము.

ఆ పరీక్షకు రమాబాయి నిలిచెను. ఆమె సదనములో దాపరికము లేదు. బాలికలు తమ దేవతలను పూజించుకొనుటకు స్వేచ్ఛ యుండెను; ఆ స్వేచ్ఛయే తనకును ఉండవలెనని ఆమె వాదము. తన యింట తన బిడ్డతో ప్రార్థించుటకు తలుపు మూసికొనవలసి వచ్చినచో, అది తప్పు పని యని ఒప్పుకొనినట్లగును. తలుపు మూసి రహస్యముగా కొందరిని పిలిచియుండినచో పత్రికల నింద నిజమైయుండును. తలుపు మూసి ఎవరిని రానీయక యుండినచో నింద ఆగియుండునేమో గాని, ఆమె వెలుగును కుంచము క్రింద పెట్టినదగును. తెరచిన తలుపు ఈ రెంటికిని జవాబు. ఎవడైనను వచ్చి చూడవచ్చును, ఎవరిని బలవంతపెట్టలేదు. బోస్టను సంఘము తన ప్రతినిధురాలిని పంపి సంగతులను విచారించెను, పిమ్మట ఆమెను నమ్మి సహాయము కొనసాగించెను.

బలవంతము లేదనుటకు ఆ సంవత్సరమే ఒక సాక్ష్యము నిలిచెను. సదనపు మొదటి విద్యార్థినులలో గోదూబాయి అను బాలవితంతువు కలదు. ఆమె హిందువుగానే వచ్చెను, హిందువుగానే చదివెను. 1893లో ధోండో కేశవ కర్వే ఆమెను వివాహమాడెను. ఆ వివాహము నిమిత్తము వారిరువురు కూడ సంఘ బహిష్కారము అనుభవించిరి. ఆ కర్వేయే 1896లో విధవల కొరకు ఆశ్రమమును, 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించి, 1958లో భారతరత్న బిరుదు పొందెను. క్రైస్తవురాలి యింట చదివిన హిందూ స్త్రీ ఆయనకు జీవిత సహచరిణి. క్రైస్తవ సేవ యొక్క ఫలమును క్రైస్తవుల జాబితాలలో మాత్రమే వెదకువారు ఈ సంగతిని తలంచుకొందురు గాక.

విడిచిపోయిన వారిని రమాబాయి శపింపలేదు, మిగిలిన వారితో పని సాగించెను. 1895లో బాలికలలో కొందరు తమ యిష్టపూర్వకముగా బాప్తిస్మము పొందిరి. 1896లో మధ్య పరగణాలలో భయంకరమైన కరవు వచ్చెను. కరవు అను మాట వినగానే తిరుపతి అడవి ఆమెకు జ్ఞాపకము రాకుండునా? ఆమె వెళ్లి ఎముకల గూళ్లవలె ఉన్న బాలికలను, విధవలను సుమారు 300 మందిని తీసికొని వచ్చెను. వారు ఏ కులమువారని అడుగలేదు. పూనాకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున కేడ్గావ్ గ్రామము నొద్ద కొనిన పొలములో వారికి నివాసములు కట్టించెను. ముక్తి సదనము అట్లు ప్రారంభమాయెను. 1900 ప్రాంతమున గుజరాతు కరవు తరువాత అచ్చట ఉన్నవారు దాదాపు 2000 మంది. వారు పొలము దున్నిరి, బట్ట నేసిరి, నూనె తీసిరి, అక్షరములు కూర్చి అచ్చువేసిరి. గ్రుడ్డివారికి, వృద్ధులకు, సమాజము వెలివేసిన స్త్రీలకు కూడ అచ్చట స్థలముండెను. శారదా సదనము నుండి 20 మందికి పైగా వెళ్లిపోయిన చోటనే ప్రభువు వందల మందిని కూర్చెను.

రమాబాయి సహనమును గూర్చి తప్పుగా తలంపకూడదు. ఆమె మాటలాడనేరని స్త్రీ కాదు. 1897లో పూనాలో ప్లేగు వ్యాధి వ్యాపించినప్పుడు ప్రభుత్వపు ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు రక్షణ లేదని ఆమె పత్రికాముఖమున నిర్భయముగా వ్రాసెను. తన సదనపు బాలిక విషయము కూడ అందులో కలదు. ప్రభుత్వమువారు ఆ మాటను త్రోసిపుచ్చిరి, ఆమె మీద అసంతుష్టులైరి. పాలకులు క్రైస్తవులు గదా యని ఆమె మౌనము వహింపలేదు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తన పేరును వీధిలోనికి లాగినప్పుడు ఆమె తన పనియే జవాబు చెప్పునట్లు విడిచెను. దిక్కులేని బాలికకు అన్యాయము జరిగినప్పుడు ఆమె కలము పట్టెను. సాధారణముగా మనుష్యుల నడత దీనికి తలక్రిందులుగా నుండును: తమ పరువునకు నలుసంత భంగము కలిగిన యెడల ఊరంతయు వినునట్లు అరచుదురు, బీదవానికి అన్యాయము జరిగిన యెడల ఓర్పును గూర్చి ప్రసంగింతురు.

ఆమె చివరి సంవత్సరములు ముఖ్యముగా ఒక పనికి అర్పింపబడెను. వాడుకలో ఉన్న మరాఠీ బైబిలు భాష పొలములో పనిచేయు సామాన్య స్త్రీకి కఠినమైయున్నదని ఆమె గ్రహించెను. సంస్కృతమున పేరుపొందిన పండితురాలు సంస్కృత పదములను ఏరి తీసివేయ బూనుకొనుట చిత్రముగా తోచవచ్చును. తన పాండిత్యమును చూపుకొనుటకు కాక, చదువురాని చెల్లెలికి ప్రభువు మాట తెలియుటకే ఆమె ఆ పని చేసెను. అందుకొరకు హెబ్రీ, గ్రీకు భాషలను నేర్చుకొనెను. ముక్తి సదనపు స్త్రీలే అక్షరములు కూర్చి అచ్చువేసిరి. 1919లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకము నిచ్చెను. 1921 జూలైలో ఆమె కుడిభుజమైన మనోరమ తల్లికంటె ముందుగా కన్నుమూసెను. తల్లి పని ఆపలేదు. అనువాదము ముగిసిన కొలది దినములకు, 1922 ఏప్రిల్ 5న, రమాబాయి ప్రభువునందు నిద్రించెను. ఆమె మరాఠీ బైబిలు 1924లో సంపూర్ణముగా వెలువడెను.

నవ్విన పత్రికల పాత ప్రతులు నేడు గ్రంథాలయములలో దుమ్ము పట్టియున్నవి. ఆమె స్థాపించిన ముక్తి నేటికిని నిరాధారులకు నీడ నిచ్చుచున్నది. 1989లో భారత తపాలా శాఖ ఆమె జ్ఞాపకార్థము తపాలా బిళ్ల వెలువరించెను. అయితే విశ్వాసి గెలుపును ఇట్టి గౌరవముల వలన కొలువరాదు. ఏ గౌరవమును రాకపోయినను ఆమె త్రోవ సరియైనదే. ఎదిరించిన వారిలో అనేకులు తమ మనస్సు మార్చుకొనకయే గతించిరి. వెళ్లిపోయిన బాలికలు అందరు తిరిగి రాలేదు. విశ్వాసముతో సహించిన వానికి ఈ లోకముననే తీర్పు జరుగునను వాగ్దానము లేఖనములలో ఎచ్చటను లేదు.

పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో, తమ నిరీక్షణను గూర్చి అడుగువారికి జవాబు చెప్ప సిద్ధముగా ఉండవలెననియు, అది సాత్వికముతోను, నిర్మలమైన మనస్సాక్షితోను జరుగవలెననియు బోధించుచున్నాడు. ఈ బోధ రమాబాయి యింట ఒక తలుపు రూపము దాల్చెను. భయపడినవాడు తలుపు మూసికొనును. కోపించినవాడు తలుపు తీసికొని వీధిలోనికి దూకి కలహించును. ఆమె ఈ రెండును చేయక, తలుపు తెరచి, లోపల మోకాళ్లూని తన బిడ్డతో ప్రార్థించెను. నేడు విశ్వాసము నిమిత్తము పనిచేయు చోటను, బడిలోను, బంధువుల మధ్యను నవ్వులపాలగువారు తమ్మును తాము అడుగవలసిన ప్రశ్నలు మూడు. నిందలో నిజమేమైన ఉన్నదా? ఉన్నచో దిద్దుకొనవలెను. నేను దాచినదేమైన ఉన్నదా? ఉన్నచో వెలుగులోనికి తేవలెను. నవ్వువాడు రేపు ఆకలిగొని వచ్చినచో నా యింట అతనికి చోటున్నదా? ఈ మూడవ ప్రశ్నకు ఉన్నదని చెప్పగలవాని తలుపును ఏ అపహాస్యమును మూయజాలదు.